ఎర వేసి చేపలు పట్టేవారు మన్నికైన రీల్‌ను ఎంచుకునే విధానం: సమగ్ర మార్గదర్శి

ఎర వేసి చేపలు పట్టేవారి రీల్, అంటే కర్రకు బిగించి దారాన్ని చుట్టే యంత్రం, రోజులో ఎక్కువ భాగం కదలకుండానే ఉంటుంది. తవుడు, వేరుశనగ చెక్క కలిపిన ముద్దను గాలానికి పెట్టి, సీసపు గుండుతో నీటిలోకి విసిరి, కర్రను ఒడ్డున స్టాండు మీద ఆనించాక గంట, రెండు గంటల పాటు హ్యాండిల్‌ను ముట్టుకునే పని ఉండదు. ఆ తరువాత ఏ సూచనా లేకుండా ఐదారు కిలోల బొచ్చె గాని శీలావతి గాని ముద్దను అందుకుని లోతు వైపు పరుగెత్తుతుంది. అప్పటి దాకా ఎండలో, దుమ్ములో పడి ఉన్న ఆ యంత్రం ఆ క్షణంలోనే నున్నగా తిరిగి దారాన్ని వదలాలి, మరుక్షణంలో గట్టిగా పట్టి ఆపాలి. కృత్రిమ ఎరలు విసిరేవారి రీల్ మీద పడే భారం ఇలాంటిది కాదు. వారు రోజుకు కొన్ని వందల సార్లు విసిరి చుడతారు కాబట్టి వారికి తేలికదనం, వేగం ముఖ్యం. దుకాణంలో మనకు గొప్పగా చూపించే గుణాల్లో చాలా భాగం వారి అవసరాల కోసం పుట్టినవే. మన డబ్బు వృథా అయ్యేది అక్కడే.

చెరువు కట్టల మీద, నాగార్జునసాగర్ వెనుక జలాల వంటి చోట్ల, గోదావరి, కృష్ణా పాయల ఒడ్డున, అప్పుడప్పుడు నది సముద్రంలో కలిసే ఉప్పునీటి మొగల్లో ఎర వేసేవారిని దృష్టిలో పెట్టుకుని ఈ మార్గదర్శిని రాస్తున్నాను. వరుస తప్పకుండా పాటిస్తే, రీల్ చేతిలోకి రాకముందే సగం నిర్ణయం పూర్తవుతుంది.

మొదటి దశ: చేపను, నీటిని తేల్చుకోవడం

దుకాణానికి వెళ్లే ముందు నాలుగు విషయాలు కాగితం మీద రాసుకోండి. మీరు తరచుగా పట్టే చేప ఏది, అప్పుడప్పుడు పడే అతి పెద్ద చేప ఎంత బరువు ఉంటుంది, ఎర ఎంత దూరం వెళ్లాలి, నీరు మంచినీరా ఉప్పునీరా అన్నవి ఆ నాలుగు. చెరువులో జిలేబీలు, అరకిలో చేపలు పట్టేవారికి, జలాశయంలో పెద్ద బొచ్చెల కోసం కూర్చునేవారికి ఒకే రీల్ సరిపోదు. బొచ్చె నోరు పైకి తెరుచుకుని ఉంటుంది, అది నీటి పై పొరల్లో మేస్తుంది, కాబట్టి దానికి బెండు కట్టి ఎరను పైన నిలబెడతాము. ఎర్రమోసు, బంగారు తీగ అడుగున మేస్తాయి కాబట్టి వాటికి గుండు కట్టి ఎరను నేల మీద పడుకోబెడతాము. అడుగున వేసే పద్ధతిలో గుండు, ముద్ద కలిసి అరవై, డెబ్బై గ్రాములు దాటడం మామూలే. ఆ బరువును విసిరి, తడిసిన తరువాత మళ్లీ మళ్లీ లాగే పనిలో చిన్న రీల్‌లోని పళ్లచక్రాలు త్వరగా అరిగిపోతాయి.

ఎర వేసిన చోట మునిగిన చెట్లు, తుమ్మ కంపలు, రాళ్లు ఉన్నాయా అన్నది కూడా చూసుకోండి. జలాశయాల అంచుల్లో ముంపునకు గురైన పాత పొలాల గట్లు, మొద్దులు ఉంటాయి. అక్కడ చేపను పరుగెత్తనిచ్చే వీలు తక్కువ, ముందుగానే ఆపాలి, కాబట్టి లైన్ (దారం) మందం, చేప లాగినప్పుడు దారాన్ని బిగువుతో ఆపే డ్రాగ్ బలం రెండూ పెరగాలి. ఖాళీ నీటిలో అయితే దూరంగా వెళ్లనిచ్చి అలసిపోయాక తెచ్చుకోవచ్చు.

రెండవ దశ: రీల్ రకాన్ని నిర్ణయించడం

ఎర వేసేవారికి సాధారణంగా మూడు రకాలు కనబడతాయి. మొదటిది స్పిన్నింగ్ రీల్, అంటే దారం చుట్టి ఉండే స్పూల్ తిరగకుండా నిలబడి, దారం దాని అంచు మీదుగా జారిపోయే రీల్. రెండవది అడ్డంగా ఉండే స్పూలే తిరిగి దారాన్ని వదిలే బెయిట్‌కాస్టింగ్ రీల్. మూడవది స్పిన్నింగ్ రీల్‌లోనే, వెనుక ఉన్న చిన్న మీటను నొక్కితే స్పూల్ పట్టు వదిలేసి స్వల్పమైన బిగువుతో తిరిగే రకం. ఈ మూడవదాన్నే మనవారు బెయిట్‌రన్నర్ అంటున్నారు. అది నిజానికి షిమనో కంపెనీ 1980లలో తెచ్చిన రీల్ పేరు, ఇప్పుడు ఆ రకానికంతటికీ అదే పేరు పడిపోయింది. పెన్ కంపెనీ వారు తమ రకాన్ని లైవ్ లైనర్ అని, ఒకుమా వారు బెయిట్ ఫీడర్ అని పిలుస్తారు.

స్పిన్నింగ్ రీల్ పుట్టుక మన చేనేత ఇళ్లలో సులభంగా అర్థమయ్యే సంగతి. ఇంగ్లండులోని బ్రాడ్‌ఫర్డ్‌కు చెందిన ఉన్ని మిల్లు యజమాని ఆల్‌ఫ్రెడ్ హోల్డెన్ ఇలింగ్‌వర్త్ 1905లో దీనికి పేటెంటు తీసుకున్నాడు. నాడెలోని కండె తిరగకుండానే నూలు దాని కొస మీదుగా జారివచ్చినట్టే, ఇక్కడ స్పూల్ కదలకుండానే దారం జారిపోతుంది. విసిరేటప్పుడు స్పూల్ తిరగదు కాబట్టి, ఎర నీటిలో పడ్డాక కూడా స్పూల్ తిరుగుతూ దారాన్ని గూడు కట్టించే బాధ ఇందులో లేదు. బెయిట్‌కాస్టింగ్ రీల్‌లో ఆ బాధ ఎప్పుడూ పొంచి ఉంటుంది. దాన్ని బొటనవేలితో అదుపు చేయడం నేర్చుకోవడానికి నెలలు పడుతుంది. ముద్ద ఎర వేసేవారికి ఆ శ్రమకు తగిన ఫలం లేదని నా అభిప్రాయం.

కాబట్టి అసలు ఎంపిక మామూలు స్పిన్నింగ్ రీల్‌కు, మీట ఉన్న రకానికి మధ్యనే. కర్రను స్టాండు మీద వదిలి కూర్చునేవారికి మీట ఉన్న రకం చాలా ఉపకరిస్తుంది. చేప ముద్దను అందుకుని నడిస్తే బరువు తగలకుండా దారం వెళ్తుంది, కర్ర నీటిలోకి ఈడ్చుకుపోదు, మీరు కర్రను చేతిలోకి తీసుకుని హ్యాండిల్‌ను ముందుకు తిప్పగానే అసలు డ్రాగ్ పట్టుకుంటుంది. రెండు, మూడు కర్రలు వేసేవారు దీన్నే కొనాలి. ఒకే కర్ర పట్టుకుని బెండును చూస్తూ కూర్చునేవారికి ఈ ఖర్చు అక్కరలేదు. అదే ధరలో మీట లేని రీల్ కొంటే లోపలి భాగాలు మెరుగ్గా వస్తాయి, ఎందుకంటే మీట యంత్రాంగం కోసం కంపెనీ పెట్టే డబ్బు మరెక్కడో తగ్గించినదే అవుతుంది. చౌక ధరలో మీట ఉన్న రీల్, మీట లేని రీల్ పక్కపక్కన పెడితే, మీట లేనిదే ఎక్కువ కాలం మన్నుతుంది.

మూడవ దశ: సైజు, లైన్ లెక్క

రీల్ మీద రాసి ఉండే 2500, 4000, 6000 వంటి అంకెలు కొలతలు కావు, అవి కంపెనీ పెట్టుకున్న గుర్తులు. ఒక కంపెనీ 4000, మరో కంపెనీ 4000 ఒకే పరిమాణంలో ఉంటాయని అనుకోకూడదు. స్పూల్ మీద ముద్రించిన లైన్ లెక్కే నమ్మదగినది. ఉదాహరణకు 0.30 మిల్లీమీటర్ల లైన్ 200 మీటర్లు పడుతుందని అక్కడ రాసి ఉందనుకుందాం. మీరు 0.35 మిల్లీమీటర్ల లైన్ ఎక్కించాలనుకుంటే ఎంత పడుతుంది? లైన్ ఆక్రమించే చోటు మందానికి కాదు, మందం వర్గానికి అనుగుణంగా పెరుగుతుంది. 0.30 వర్గం 0.09, 0.35 వర్గం 0.1225. రెండు వందలను 0.09తో గుణించి 0.1225తో భాగిస్తే దాదాపు 147 మీటర్లు వస్తుంది. కంటికి స్వల్పంగా కనిపించే ఆ 0.05 మిల్లీమీటర్ల తేడా యాభై మీటర్లకు పైగా దారాన్ని మింగేసింది.

చెరువుల్లో రెండు కిలోల లోపు చేపలకు 2500 లేదా 3000 సైజు, 0.25 నుంచి 0.28 మిల్లీమీటర్ల నైలాన్ లైన్ చాలు. జలాశయాల్లో, నదుల్లో బొచ్చె, శీలావతి, బంగారు తీగ కోసం 4000 నుంచి 5000 సైజు, 0.30 నుంచి 0.35 మిల్లీమీటర్ల లైన్ తగినవి. వాలుగ వంటి బలమైన చేప కోసం చిన్న చేపను ఎరగా వేసేవారు, మొగల్లో పండుగప్ప కోసం కూర్చునేవారు 6000 సైజుకు వెళ్లవచ్చు. స్పూల్‌లో కనీసం 150 మీటర్లు ఉండాలన్నది నేను పాటించే హద్దు. అరవై మీటర్ల దూరంలో ఎర పడితే, పెద్ద చేప మరో యాభై మీటర్లు లాగినా ఇంకా కొంత మిగులుతుంది.

రీల్ బరువు గురించి ఇక్కడ ఒక మాట. కర్ర రోజంతా చేతిలో ఉండదు కాబట్టి వంద గ్రాముల బరువు ఎక్కువైనా మనకు నష్టం లేదు. తేలిక చేయడానికి కంపెనీలు వాడే ఖరీదైన పదార్థాలకు మనం డబ్బు కట్టనవసరం లేదు. అదే ధరలో కొంచెం బరువైన, లోహపు బాడీ ఉన్న రీల్ దొరికితే దాన్నే తీసుకోండి.

నాలుగవ దశ: డ్రాగ్‌ను అర్థం చేసుకోవడం

ఎర రీల్‌లో డబ్బు పెట్టవలసిన మొదటి చోటు డ్రాగ్. ముందు నాబ్ కింద స్పూల్‌లో ఒకదాని మీద ఒకటి పేర్చిన వాషర్ల దొంతర ఉంటుంది. నాబ్‌ను బిగిస్తే అవి ఒరుసుకుని స్పూల్‌ను ఆపుతాయి, వదులు చేస్తే జారనిస్తాయి. చేప లాగే బలం హద్దు దాటినప్పుడు దారం తెగకుండా స్పూల్ తిరిగి దారాన్ని వదలడమే దీని పని.

చాలా మంది పెట్టె మీద రాసిన గరిష్ఠ డ్రాగ్ అంకెను చూసి కొంటారు. అది 8 కిలోలా, 12 కిలోలా అన్నది మన పనిలో పెద్దగా తేడా తేదు. 12 పౌండ్ల లైన్ తెగే బలం సుమారు 5.4 కిలోలు. డ్రాగ్‌ను ఆ బలంలో నాలుగో వంతు నుంచి మూడో వంతు వరకు పెట్టడం పాత అలవాటు, అంటే 1.3 నుంచి 1.8 కిలోలు. ముడులు, గాట్లు ఇప్పటికే దారాన్ని బలహీనం చేసి ఉంటాయి కాబట్టి అంతకు మించి బిగించడం ప్రమాదం. మనకు కావలసింది ఆ ఒకటిన్నర కిలో దగ్గర నున్నగా, కుదుపు లేకుండా కదలడం మొదలుపెట్టే డ్రాగ్. 12 కిలోలు అని రాసి ఉన్న రీల్ ఒకటిన్నర కిలో దగ్గర పట్టి పట్టి వదిలితే, దాని 12 కిలోలు మనకు ఎందుకూ కొరగావు.

ఇంకో లెక్క కూడా గుర్తుంచుకోండి. చేప దారం లాక్కుపోయే కొద్దీ స్పూల్ మీద చుట్టు వ్యాసం తగ్గుతుంది, వాషర్ల బిగువు మాత్రం అలాగే ఉంటుంది. నిండుగా ఉన్నప్పుడు 50 మిల్లీమీటర్లు ఉన్న చుట్టు 40 మిల్లీమీటర్లకు తగ్గితే, అంతకు ముందు 2 కిలోల దగ్గర వదిలిన డ్రాగ్ ఇప్పుడు 2.5 కిలోల దగ్గర గాని వదలదు. పెద్ద చేప దూరం పోయాక దారం తెగిపోవడానికి ఇదొక ముఖ్య కారణం. వెడల్పైన, లోతు తక్కువ స్పూల్ ఉన్న రీల్‌లో ఈ మార్పు తక్కువ.

వాషర్ల పదార్థం రెండు విధాలు. ఒకటి ఫెల్ట్, అంటే అదిమిన ఉన్ని బిళ్లలు. రెండవది కార్బన్ ఫైబర్. ఫెల్ట్ చవక, తక్కువ బిగువు దగ్గర చాలా నున్నగా కదులుతుంది, కానీ గ్రీజు ఆరిపోతే గట్టిపడుతుంది, నీరు చేరితే పాడవుతుంది, బిగించి వదిలేస్తే చప్పిడి పడిపోతుంది. కార్బన్ ఫైబర్ వేడిని తట్టుకుంటుంది, తడిసినా పని చేస్తుంది. పెన్ వారు హెచ్‌టీ-100 అనే పేరుతో వాడేది ఈ కార్బన్ వాషర్లనే.

నా అనుభవంలో ఒక వేసవి పూర్తిగా ఈ చిన్న బిళ్లల దగ్గరే దెబ్బతిన్నది. డ్రాగ్ బిగించి ఉన్న ఫెల్ట్ రీల్‌ను నెలల తరబడి అటక మీద పెట్టాను. మళ్లీ నీటి దగ్గరకు తీసుకెళ్లినప్పుడు నాబ్ తిప్పి సరిచేశాననుకున్నాను, చేతితో లాగితే దారం వచ్చింది. తెల్లవారుజామున పెద్ద బొచ్చె ఒకటి ముద్దను పట్టుకుని ఒక్కసారిగా లాగితే, అతుక్కుపోయిన వాషర్లు ఆ మొదటి క్షణంలో కదలలేదు, దారం ముడి దగ్గర తెగిపోయింది. ఆ తరువాత ఇంటికి రాగానే నాబ్‌ను పూర్తిగా వదులు చేయకుండా రీల్‌ను ఏనాడూ పక్కన పెట్టలేదు. కొత్తగా మొదలుపెట్టేవారు ఈ అలవాటును మొదటి రోజు నుంచే చేసుకోవాలని గట్టిగా కోరుతున్నాను.

కొన్ని రీళ్లకు డ్రాగ్ నాబ్ వెనుక ఉంటుంది. పోరు మధ్యలో తిప్పడం సులభమే, కానీ అందులో వాషర్లు చిన్నవి, బలం మొత్తం ప్రధాన కడ్డీ గుండా పోతుంది. ఎర పనికి ముందు డ్రాగ్ ఉన్నదే మేలు. మీట ఉన్న రకాల్లో ముందు నాబ్ అసలు డ్రాగ్‌ది, వెనుక నాబ్ మీట వేసినప్పుడు ఉండే స్వల్ప బిగువుది, ఆ రెంటినీ ఒకటిగా పొరబడకూడదు.

ఐదవ దశ: లోపలి లోహాలను అడిగి తెలుసుకోవడం

బేరింగుల సంఖ్య ఎర రీల్‌కు నాణ్యతకు గుర్తు కాదు. పదకొండు చౌక బేరింగుల కన్నా నాలుగు మంచి బేరింగులు మేలు, ఎందుకంటే తుప్పు పట్టే బేరింగు ఎంత ఎక్కువైతే అన్ని చోట్ల గరగర శబ్దం పుడుతుంది. అడగవలసిన ప్రశ్నలు వేరు. బాడీ అల్యూమినియమా లేక కార్బన్ కలిపిన ప్లాస్టిక్‌ది, అంటే దుకాణంలో గ్రాఫైట్ అనేదా? లోపలి చిన్న పళ్లచక్రం ఇత్తడిదా? ప్రధాన కడ్డీ స్టెయిన్‌లెస్ స్టీలుదా? స్పూల్ అల్యూమినియందా? ఇవి కంపెనీ వివరాల్లో సాధారణంగా రాసే ఉంటాయి, రాయకుండా దాచారంటే దాదాపుగా అవి చవక రకాలని అర్థం చేసుకోవచ్చు.

గ్రాఫైట్ బాడీ ఉప్పునీటిలో తుప్పు పట్టదు, ఆ మేరకు మంచిదే. అయితే పెద్ద చేప బలంగా లాగితే అది రవంత వంగుతుంది, వంగినప్పుడు పళ్లచక్రాలు ఒకదానితో ఒకటి సరిగ్గా కలవక పళ్ల అంచులు అరుగుతాయి. చిన్న చేపలకు ఇది లెక్క కాదు. నాలుగైదు కిలోలు దాటిన చేపల కోసం అయితే లోహపు బాడీని కోరుకోవాలి. పెన్ వారి బ్యాటిల్, స్పిన్‌ఫిషర్ వరుసలు పూర్తి లోహపు బాడీతో వస్తాయి. స్పిన్‌ఫిషర్ ఆరవ తరం రీల్‌కు నీరు లోపలికి పోకుండా ఐపీఎక్స్5 స్థాయి సీలింగు కూడా ఉంది. ఉప్పునీటి మొగల్లో, అలల తుంపర్లలో చేపలు పట్టేవారికి ఆ సీలింగు విలువైనది. కట్ట మీద కూర్చునేవారు దానికి డబ్బు పెట్టనవసరం లేదు.

హ్యాండిల్ బిగింపు కూడా చూడండి. హ్యాండిల్ కడ్డీ నేరుగా పళ్లచక్రంలోకి మర తిరుగుతూ బిగుసుకునే రకం గట్టిది, ఊగులాట రాదు. అవతలి వైపు నుంచి పొడవాటి మర వేసి బిగించే చౌక రకంలో కొంత కాలానికి వదులు పుట్టి హ్యాండిల్ కదులుతుంది.

గేర్ రేషియో, అంటే హ్యాండిల్ ఒక్కసారి తిప్పితే స్పూల్ చుట్టూ దారాన్ని చుట్టే రోటర్ ఎన్ని సార్లు తిరుగుతుందన్న లెక్క గురించి ఒక్క మాట చాలు. 4.8 నుంచి 5.3 మధ్య ఉంటే బాగుంటుంది. ఆరు దాటితే వేగం వస్తుంది, బరువును లాగే బలం తగ్గుతుంది. స్పూల్ వ్యాసం 48 మిల్లీమీటర్లు, రేషియో 5 అయితే హ్యాండిల్ ఒక్కసారి తిప్పితే సుమారు 75 సెంటీమీటర్ల దారం చుట్టుకుంటుంది, ముద్ద ఎరను వెనక్కు తెచ్చుకోవడానికి అది చాలు.

వెనక్కు తిరగనివ్వని యాంటీ రివర్స్ భాగం ఎర రీళ్లలో త్వరగా దెబ్బతినేది. గాలం గుచ్చుకోవడానికి కర్రను ఎత్తి కొట్టినప్పుడు ఆ దెబ్బ అంతా చిన్న చిన్న రోలర్ల మీద పడుతుంది. దానిలోకి గ్రీజు పోతే రోలర్లు జారి, హ్యాండిల్ ఒక్కసారిగా వెనక్కు తిరిగి వేళ్లకు తగులుతుంది. ఇంట్లో శుభ్రం చేసుకునేవారు ఆ భాగానికి గ్రీజు అస్సలు పూయకూడదు, అవసరమైతే పలచని నూనె ఒక్క చుక్క చాలు.

ఆరవ దశ: దుకాణంలో చేతితో పరీక్షించడం

ఇంటర్నెట్‌లో కొంటే తిరిగి ఇచ్చే గడువులోపు ఇంట్లో ఈ పరీక్షలు చేయండి, దుకాణంలో అయితే డబ్బు ఇచ్చే ముందే. రీల్‌ను కర్రకు బిగించి చూస్తే ఇంకా మంచిది.

హ్యాండిల్‌ను పక్కలకు ఊపి చూడండి, స్వల్ప కదలిక సహజం, లోహం లోహానికి తగిలే టకటక శబ్దం ఉంటే వద్దు. తరువాత హ్యాండిల్‌ను వేగంగా తిప్పి వదిలేయండి. రీల్ చేతిలో వణికితే తిరిగే భాగం సమతూకంలో లేదని అర్థం. రోటర్‌ను చేత్తో పట్టుకుని వెనక్కు తిప్పడానికి ప్రయత్నించండి, కొంచెం కూడా వెనక్కు రాకూడదు, ఇలా ఇరవై సార్లు వేర్వేరు స్థానాల్లో చేయండి, ఎందుకంటే లోపం ఒక్కోసారి ఒకే స్థానంలో బయటపడుతుంది. దారాన్ని స్పూల్ మీదికి నడిపే వంపు తీగను, అంటే బెయిల్‌ను, తెరిచి మూయండి, మూసేటప్పుడు గట్టిగా, తడబాటు లేకుండా పడాలి.

అతి ముఖ్యమైన పరీక్ష డ్రాగ్‌ది. సంచులు తూచే చిన్న స్ప్రింగు తూకాన్ని వెంట తీసుకెళ్లండి. దారం కట్టి, నాబ్‌ను ఒకటిన్నర కిలో దగ్గర వదిలేలా సరిచేసి, నెమ్మదిగా లాగుతూ తూకం ముల్లును చూడండి. కదలడం మొదలయ్యే క్షణంలో ముల్లు ఎంత వరకు వెళ్లింది, కదిలాక ఎంత దగ్గర నిలిచింది అన్నవి చూడాలి. ఆ రెండింటి మధ్య తేడా ఎంత తక్కువ ఉంటే రీల్ అంత మంచిది. మొదటి కుదుపు రెండు కిలోలు దాటి, ఆ తరువాత ఒకటిన్నరకు పడిపోతే ఆ రీల్‌ను పక్కన పెట్టండి.

లైన్ రోలర్‌ను మర్చిపోకండి. దారం మలుపు తిరిగే ఆ చిన్న చక్రం తిరగకపోతే దారం దాని మీద ఒకే చోట రాసుకుని ఒక గాడి పడుతుంది, లైన్ మెలిపడి చిక్కులు వస్తాయి. దారాన్ని రోలర్ మీదుగా లాగుతూ అది తిరుగుతోందో లేదో చూడండి. స్పూల్ అంచు మీద పత్తి ఉండను రాసి చూస్తే, దూది పోగులు తగులుకునే చోట గరుకుదనం ఉన్నట్టు, అక్కడ దారం కూడా దెబ్బతింటుంది.

నకిలీలు కూడా ఉన్నాయి. బరువు అసలు వివరాల కన్నా తక్కువగా ఉండడం, అక్షరాల ముద్రణ చెరిగినట్టు ఉండడం, పెట్టెలో కంపెనీ భాగాల పటం లేకపోవడం వాటి సూచనలు. ధర మరీ తక్కువగా ఉంటే ఈ మూడూ చూడకుండా కొనవద్దు.

ఏడవ దశ: ధర, విడిభాగాలు, పాత రీళ్లు

కర్ర, రీల్, లైన్ అన్నీ కలిపి పెట్టగల మొత్తంలో దాదాపు సగం రీల్‌కు కేటాయించండి. తక్కువ ధర కర్ర కూడా ఎర వేయడానికి బాగానే పనికి వస్తుంది, రీల్ విషయంలో మాత్రం అది చెల్లదు. ప్రతి సంవత్సరం ఒక చవక రీల్ కొని పారేయడం కన్నా, ఒకటి కొని ఐదారేళ్లు వాడితే ఖర్చు తక్కువ. అయితే ఆ లెక్క నిజం కావాలంటే విడిభాగాలు దొరకాలి. బెయిల్ స్ప్రింగు, హ్యాండిల్ నాబ్, డ్రాగ్ వాషర్లు విరిగేవీ అరిగేవీ. కొనే ముందే ఆ కంపెనీ వాటిని భారతదేశంలో అమ్ముతుందా, దగ్గరలోని దుకాణంవారు తెప్పిస్తారా అని అడగండి. ఏ పేరూ లేని రీల్ ఎంత చక్కగా తిరిగినా, స్ప్రింగు తెగిన రోజున అది ఇనుప సామానుగానే మిగులుతుంది.

పాత రీల్ కొనడం చెడ్డ ఆలోచన కాదు, మంచి కంపెనీ లోహపు రీల్ సగం ధరకు దొరికే అవకాశం అది. అయితే హ్యాండిల్ తిప్పినప్పుడు ఒకే చోట పదేపదే గరుకు తగిలితే పళ్లు చెడ్డాయని అర్థం, బేరం కుదుర్చుకోకుండా వచ్చేయండి. ఉప్పునీటిలో వాడిన రీల్ అయితే మరల తలల దగ్గర తెల్లని పొడి ఉందేమో చూడండి, అది అల్యూమినియం తుప్పు.

ఎనిమిదవ దశ: లైన్ ఎక్కించి, నీటి దగ్గర తుది పరీక్ష

ముద్ద ఎరకు నైలాన్ లైనే సరైనది. అది కొంచెం సాగుతుంది కాబట్టి చేప కుదిపినప్పుడు గాలం నోటిని చీల్చకుండా ఆ కుదుపును తగ్గిస్తుంది. బ్రెయిడ్ లైన్ (సన్నని పోగులు అల్లిన దారం) వాడాలనుకుంటే స్పూల్ అడుగున ముందు పది మీటర్ల నైలాన్ చుట్టండి, లేకపోతే నున్నటి స్పూల్ మీద బ్రెయిడ్ మొత్తం ఒక్క చుట్టగా జారిపోతుంది, డ్రాగ్ చెడిందని పొరబడతారు.

చుట్టేటప్పుడు దారాన్ని తడి గుడ్డతో పట్టుకుని కొంచెం బిగువుతో ఎక్కించండి. స్పూల్ అంచుకు రెండు, మూడు మిల్లీమీటర్ల కింద ఆగాలి. మరీ నింపితే విసిరినప్పుడు చుట్లు చుట్లుగా ఊడిపడతాయి, మరీ తక్కువ ఉంటే దారం అంచుకు రాసుకుని దూరం తగ్గుతుంది. విసిరాక బెయిల్‌ను హ్యాండిల్‌తో తిప్పి మూయకుండా చేత్తో మూసి, దారాన్ని ఒకసారి లాగి బిగువు చేయండి. లైన్ మెలిపడకుండా ఉండడానికి ఇంత సులభమైన ఉపాయం మరొకటి లేదు.

ఇంటికి వచ్చాక డ్రాగ్‌ను బిగించి, మంచినీటితో పై నుంచి తేలిగ్గా కడగండి, బలంగా నీరు పట్టకండి, మునగనివ్వకండి. తుడిచాక డ్రాగ్‌ను పూర్తిగా వదులు చేయండి. హ్యాండిల్ నాబ్‌కు, లైన్ రోలర్‌కు నెలకు ఒక చుక్క నూనె, సంవత్సరానికి ఒకసారి పళ్లచక్రాలకు కొత్త గ్రీజు సరిపోతాయి.

కొత్త రీల్‌తో మొదటి రోజు పెద్ద చేప ఆశించి వెళ్లవద్దు. చిన్న చేపల చెరువుకు వెళ్లి అరగంట విసిరి చుట్టండి, ఆ తరువాత తూకం తగిలించి డ్రాగ్‌ను మళ్లీ లాగి చూడండి, ఎందుకంటే వాషర్లు మొదటి గంటలో సర్దుకుని బిగువు మారుతుంది. మీట ఉన్న రకమైతే మీట వేసి, వెనుక నాబ్‌ను గాలి, అలలు దారాన్ని లాగలేని, చేప మాత్రం లాగగల స్థాయిలో పెట్టి, ఎంత తిప్పితే ఆ బిగువు వచ్చిందో నాబ్ మీద పెన్సిల్‌తో ఒక గుర్తు గీసుకోండి.